రెండు ట్రాలీలు, రెండు పిన్నులు, రెండు టెన్షన్లు

తమ్ముడూ, నువ్వు అడిగినవి మూడు. ఒకటి: ట్రాక్టర్ ట్రాలీని ఎంత బలంతో లాగితే ట్రాలీ కూడా ట్రాక్టర్‌ను అంతే బలంతో వెనక్కి లాగుతుంది కదా, మరి బండి కదిలేదెట్లా? రెండు: తాడు పొడవునా టెన్షన్ (తాడు లాగే బలం) ఒకటే అని క్లాసులో చెప్పారు, కానీ ఒకదాని వెనక ఒకటి రెండు ట్రాలీలు కట్టిన లెక్కకు రెండు వేర్వేరు టెన్షన్లు జవాబుగా ఇచ్చారు, ఏది నమ్మాలి? మూడు: నున్నటి బల్ల మీద 3 కిలోల దిమ్మె, దానికి కట్టిన దారం అంచున ఉన్న గిరక మీదుగా కిందికి దిగితే, చివర 2 కిలోల బరువు వేలాడుతోంది. నువ్వు టెన్షన్ 20 న్యూటన్లు వేశావు, కీలో 12 ఉంది.

హనుమకొండలో ఇంటర్ పిల్లలకు చాలా ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఈ మూడు ప్రశ్నలూ ఏటా వస్తాయి, దాదాపు ఇవే మాటల్లో వస్తాయి. రెండోది తేలితే మిగతావి సగం తేలినట్టే కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

పరకాల వైపు నుంచి ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే ట్రాక్టర్‌ను తీసుకో. దానికి ఒకదాని వెనక ఒకటి రెండు ట్రాలీలు తగిలించారు. ట్రాక్టర్‌ను మొదటి ట్రాలీకి కలిపే ఇనుప పిన్ను మొదటిది, రెండు ట్రాలీలనూ కలిపేది రెండోది. లెక్క సులువు కావడానికి ట్రాక్టర్ 2000 కిలోలు, ఒక్కో ట్రాలీ లోడుతో కలిపి 4000 కిలోలు అనుకుందాం. రోడ్డు నిరోధాన్ని కాసేపు పక్కన పెడదాం. బండి బయల్దేరి 0.5 మీ/సె² త్వరణంతో వేగం అందుకుంటోంది.

ముందు చివరి ట్రాలీ ఒక్కదాన్నే చూడు. దాన్ని ముందుకు లాగేది ఒకే ఒక్కటి, రెండో పిన్ను. ఆ పిన్ను 4000 కిలోలకు 0.5 త్వరణం ఇవ్వాలి. 4000 × 0.5 = 2000 న్యూటన్లు. అక్కడి టెన్షన్ అంతే. అంతకంటే ఎక్కువైతే ట్రాలీ ఇంకా వేగంగా ఉరికి ముందు ట్రాలీని గుద్దుతుంది, తక్కువైతే వెనకబడుతుంది. రెండూ జరగడం లేదు.

ఇప్పుడు మొదటి పిన్ను దగ్గరికి రా. దాని వెనక ఉన్నది 4000 కాదు, 8000 కిలోలు. రెండు ట్రాలీలూ ఒకే త్వరణంతో కదులుతున్నాయి కాబట్టి వాటిని కలిపి ఒక్క వస్తువుగా లెక్కేస్తే తప్పు లేదు. 8000 × 0.5 = 4000 న్యూటన్లు. ఇక ట్రాక్టర్‌తో సహా మొత్తం 10,000 కిలోలకు కావలసింది 5000 న్యూటన్లు. దాన్ని ఇచ్చేది ట్రాక్టర్ వెనక టైర్ల కింది రోడ్డు.

సరిచూసుకోవాలంటే ట్రాక్టర్‌ను విడిగా తీసుకో. రోడ్డు ముందుకు 5000 నెడుతోంది, మొదటి పిన్ను వెనక్కి 4000 లాగుతోంది, మిగిలింది 1000. ట్రాక్టర్ 2000 కిలోలు, 0.5 త్వరణం, కావలసిందీ 1000. కుదిరింది కదా. ఈ చివరి సరిచూపు మానొద్దు. పరీక్షలో అరనిమిషం పడుతుంది, తప్పు అక్కడే దొరుకుతుంది.

గమనించావా, ఎక్కడా "ట్రాక్టర్ 5000 లాగుతోంది కాబట్టి ఆ 5000 వెనక్కి చేరుతుంది" అనలేదు. బలం పైపులో నీళ్లలాగా ముందు నుంచి వెనక్కి పారేది కాదు. ఏ పిన్ను దగ్గరైనా టెన్షన్ ఎంతో తెలియాలంటే దాని వెనక ఎంత ద్రవ్యరాశి ఉంది, అది ఎంత త్వరణంతో వస్తోంది అని అడగాలి. ముందు ఏ ఇంజిన్ ఉందన్నది ఆ త్వరణాన్ని తేల్చడానికే పనికొస్తుంది.

దీన్నుంచి ఒక తమాషా సంగతి బయటపడుతుంది. మొత్తం లోడు అదే 8000 ఉంచి ఒక ట్రాలీని 6000, ఇంకోదాన్ని 2000 చెయ్యి. బరువైనది వెనక ఉంటే రెండో పిన్ను మీద 3000 న్యూటన్లు, తేలికైనది వెనక ఉంటే 1000. మొదటి పిన్ను మీద మాత్రం ఎట్లా పెట్టినా 4000 మారదు. పొలం దగ్గర లోడు సర్దేవాళ్లు ఈ లెక్క కాగితం మీద వేయరు. అయినా బరువు బండి ట్రాక్టర్ వెంటనే ఉంటే మేలని ఎందుకు అనిపిస్తుందో ఈ అంకెలు చెబుతాయి.

మరి "తాడు అంతటా టెన్షన్ ఒకటే" అన్న మాట? అది కూడా నిజమే, కానీ ఒక షరతు మీద. తాడుకు బరువు లేదనుకున్నప్పుడు. తాడు ముక్కనే ఒక వస్తువుగా తీసుకుని న్యూటన్ రెండో నియమం (బలం = ద్రవ్యరాశి × త్వరణం) రాయి. ముందు చివర లాగే బలంలోంచి వెనక చివర లాగే బలం తీసేస్తే తాడు ద్రవ్యరాశి × త్వరణం రావాలి. ద్రవ్యరాశి సున్నా అయితే తేడా సున్నా. అందుకే రెండు చివర్లా ఒకటే. మీ సార్ చెప్పింది ఒకే తాడు గురించి. నీ లెక్కలో ఉన్నవి రెండు తాళ్లు, మధ్యలో 4000 కిలోల ట్రాలీ. ఆ ట్రాలీకి త్వరణం ఇవ్వడానికే 2000 న్యూటన్లు అక్కడ ఖర్చవుతున్నాయి, 4000 కాస్తా 2000 అయింది. తాడుకే బరువుంటే, నౌకల్లో వాడే లావు మోకులాంటిదైతే, తాడు పొడవునా కూడా టెన్షన్ తగ్గుతూ పోతుంది. అదే నియమం, కొత్తదేమీ లేదు.

ఇక మొదటి ప్రశ్న. చర్య, ప్రతిచర్య సమానమే, వ్యతిరేక దిశల్లోనే. కానీ అవి ఒకే వస్తువు మీద ఉండవు. ట్రాలీ మీద ట్రాక్టర్ లాగే 4000, ట్రాలీ లెక్కలో వస్తుంది. ట్రాక్టర్ మీద ట్రాలీ లాగే 4000, ట్రాక్టర్ లెక్కలో వస్తుంది. రెంటినీ ఒకే లెక్కలో కూడి సున్నా చేసేది రెండింటినీ కలిపి ఒకే వస్తువుగా తీసుకున్నప్పుడే. అప్పుడు నిజంగానే అవి కొట్టుకుపోతాయి, పోవాలి కూడా. లోపలి బలాలు మొత్తాన్ని కదిలించలేవు. కదిలించేది బయటి నుంచి వచ్చే రోడ్డు బలం. వానాకాలం నల్లరేగడిలో దిగబడ్డ ట్రాక్టర్‌ను చూసే ఉంటావు. ఇంజిన్‌లో దమ్ము అంతే ఉంది, పిన్ను అదే, ట్రాలీ అదే. చక్రం గిర్రున తిరుగుతుంది, బురద వెనక్కి ఎగురుతుంది, బండి మాత్రం అంగుళం కదలదు. తగ్గిందల్లా నేల ఇచ్చే పట్టు.

రోడ్డు నిరోధాన్ని పక్కన పెట్టాం కదా, దాన్నీ తెచ్చేద్దాం, ఎక్కువ పని లేదు. బరువులో నూటికి రెండు వంతులు అనుకుంటే, గురుత్వ త్వరణం 10 తీసుకుంటే, ఒక్కో ట్రాలీ మీద 800, ట్రాక్టర్ మీద 400 న్యూటన్లు. రెండో పిన్ను 2000 + 800 = 2800 అవుతుంది, మొదటిది 4000 + 1600 = 5600, రోడ్డు ఇవ్వాల్సింది 7000. బండి నిలకడ వేగం అందుకున్నాక త్వరణం సున్నా, కానీ పిన్నుల్లో టెన్షన్ సున్నా కాదు. 800, 1600 మిగిలే ఉంటాయి. "సమవేగం అంటే టెన్షన్ లేదు" అని రాసే పిల్లలు చాలామంది. ఘర్షణ లేదని లెక్కలో స్పష్టంగా చెప్పినప్పుడే అది ఒప్పు.

ట్రాక్టర్ కంటే ఈ లెక్క అందం చూడాలంటే కాజీపేట జంక్షన్‌లో నిలబడాలి. రామగుండం, మంచిర్యాల వైపు నుంచి సింగరేణి బొగ్గు రేకులు (రేక్ అంటే ఒకదానికొకటి తగిలించిన వ్యాగన్ల వరస) ఆ దారినే వస్తాయి. 58 వ్యాగన్లు, ఒక్కోటి బొగ్గుతో కలిపి దాదాపు 90 టన్నులు అనుకో, మొత్తం 5220 టన్నులు. ముందు డబ్ల్యూఏజీ-9 అనే కరెంటు గూడ్స్ ఇంజిన్, బరువు 123 టన్నులు. రేకు 0.05 మీ/సె² త్వరణంతో మెల్లగా వేగం అందుకుంటోంది. పట్టాల నిరోధం వదిలేస్తే, ఇంజిన్‌కూ మొదటి వ్యాగన్‌కూ మధ్య కప్లింగ్ మీద 52,20,000 × 0.05 = 2,61,000 న్యూటన్లు, అంటే 261 కిలోన్యూటన్లు. సగానికి, అంటే 29వ వ్యాగన్ వెనక, 130.5. చిట్టచివరి కప్లింగ్ మీద 4.5 మాత్రమే. ఒకే రైలు, ఒకే రకం కప్లింగ్, ఒక కొసకూ ఇంకో కొసకూ 58 రెట్ల తేడా. రేకు పొడవు ఎంత పెంచొచ్చన్నది ఆలోచించేటప్పుడు మొదటి కప్లింగ్‌ను చూసుకోక తప్పదు, మిగతావన్నీ దానికంటే సుఖంగానే ఉంటాయి.

ఇప్పుడు పట్టాలు ఎత్తెక్కుతున్నాయి అనుకుందాం, 200 మీటర్లకు ఒక మీటరు. కంటికి కనిపించని ఎత్తు అది. బరువులో 200వ వంతు వెనక్కి లాగుతుంది. వ్యాగన్ల బరువు 52,200 కిలోన్యూటన్లు, దాన్ని 200తో భాగిస్తే 261. మళ్లీ అదే అంకె! యాదృచ్ఛికం కాదు. 10ని 200తో భాగిస్తే వచ్చేది 0.05. అంటే ఆ ఎత్తు మీద సమవేగంతో పోవడం, చదును మీద 0.05 త్వరణంతో పోవడం, కప్లింగ్‌కు రెండూ ఒకటే. రెండూ ఒకేసారి కావాలంటే ఇంజిన్ తనకు తాను కావలసింది కూడా కలుపుకొని 534 కిలోన్యూటన్లు లాగాలి. డబ్ల్యూఏజీ-9 గరిష్ఠంగా లాగగలిగింది 460 దగ్గర. అందుకే అంత త్వరణం అక్కడ రాదు, రైలు ఇంకా నింపాదిగా ఎక్కుతుంది.

ఆ 460 కూడా పట్టాల మీద పట్టు దయ. ఇంజిన్ బరువు దాదాపు 1200 కిలోన్యూటన్లు, అందులో మూడో వంతుకు పైగా పట్టాల నుంచి పట్టుగా రాబట్టడం అంటే మాటలు కాదు. గూడ్స్ ఇంజిన్ తేలిగ్గా ఉండాలని ఎవరూ కోరుకోనిది ఇందుకే. డబ్ల్యూఏజీ-9హెచ్ రకాన్ని కావాలనే బరువు పెంచి 132 టన్నులు చేశారు. మనం ఇందాక బురదలో చూసింది ఇదే.

అదే ప్లాట్‌ఫాం మీద ఇంకో సంగతి చెవికి వినపడుతుంది. ఆగిన రేకు కదిలేటప్పుడు ధడ్ ధడ్ ధడ్ మని ఇంజిన్ దగ్గర మొదలైన చప్పుడు చివరి వ్యాగన్ దాకా పరుగెత్తుతుంది. కప్లింగుల్లో కొంచెం వదులు ఉంటుంది. ఆ కొద్దిసేపూ ముందు వ్యాగన్లు కదిలాయి, వెనకవి ఇంకా నిలబడే ఉన్నాయి. ఆ క్షణాల్లో "అన్నింటికీ ఒకే త్వరణం" అన్న మన ఊహ చెల్లదు, పైన వేసిన లెక్కా చెల్లదు. చివరి చప్పుడు అయ్యాకే 261 లాంటి అంకెలు పనికొస్తాయి. పుస్తకం లెక్కల్లో "సాగని తాడు" అని ఒక మాట ఉంటుంది చూడు, చాలామంది దాన్ని చదవకుండా దాటేస్తారు. ఆ మాట ఉంది కాబట్టే రెండు వస్తువులకూ ఒకే త్వరణం రాసుకునే హక్కు మనకు వచ్చింది. తాడుకు బదులు రబ్బరు కడితే ఆ హక్కు పోతుంది.

ఇక నీ మూడో ప్రశ్న, బల్ల లెక్క. 20 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. వేలాడే బరువు 2 కిలోలు, 2 × 10 = 20, దాన్ని దారం మోస్తోంది కాబట్టి టెన్షన్ 20 అనుకున్నావు. ఆ బరువు కదలకుండా వేలాడుతుంటే నూటికి నూరు పాళ్లు కరెక్టు. దిమ్మెను చేత్తో పట్టుకుని ఉన్నంతసేపూ టెన్షన్ 20 న్యూటన్లే. చెయ్యి వదలగానే మారుతుంది. బరువు కిందికి త్వరణంతో పోవాలంటే దాని మీద మిగులు బలం కిందికి ఉండాలి, అంటే పైకి లాగే దారం 20 కంటే తక్కువ లాగాలి. 20 లాగితే మిగులు సున్నా, బరువు కిందికి పోనే పోదు. నీ జవాబులో ఉన్న చిక్కు అది. టెన్షన్ 20 అన్నావు, మళ్లీ త్వరణం ఉందన్నావు, రెండూ ఒకేసారి కుదరవు.

మొత్తాన్ని కలిపి చూస్తే కదిలించే బయటి బలం 20, కదిలే ద్రవ్యరాశి 5 కిలోలు, త్వరణం 4 మీ/సె². ఇప్పుడు బల్ల మీది దిమ్మెను విడిగా చూడు, దాన్ని లాగేది దారం ఒక్కటే. 3 × 4 = 12 న్యూటన్లు. అదే నీ కీలోని 12. వేలాడే దాని వైపు నుంచి సరిచూడు: 20 − 12 = 8, 2 × 4 = 8. అయిపోయింది.

మీ కాలేజీ ల్యాబ్‌లో తేలికపాటి స్ప్రింగ్ త్రాసు ఉంటే దారం మధ్యలో కట్టి చూడు. దిమ్మెను పట్టుకున్నప్పుడు ముల్లు 2 కిలోల దగ్గర ఉంటుంది, వదలగానే కిందికి దిగుతుంది. మామూలు బల్లకు ఘర్షణ ఉంటుంది కాబట్టి 1.2 దాకా రాదు, కొంచెం పైనే ఆగుతుంది. అయినా 2 నుంచి దిగడం కంటికి కనిపిస్తుంది. ఒక్కసారి చూస్తే ఇక జన్మలో 20 వేయవు.

వేలాడే బరువును పెంచుకుంటూ పోతే ఏమవుతుందో కూడా ఆలోచించు. 2 కిలోల బదులు 2000 కిలోలు వేలాడదీసినా త్వరణం 10ని దాటదు, టెన్షన్ 30ని దాటదు. ఎందుకంటే దారం లాగాల్సింది ఆ 3 కిలోల దిమ్మెనే. నీ జవాబు ఇలాంటి అతి సందర్భంలో పిచ్చి అంకె ఇస్తోందంటే ఎక్కడో గురి తప్పినట్టు.

గిరకకు రెండు వైపులా బరువులు వేలాడేది అట్‌వుడ్ యంత్రం. జార్జ్ అట్‌వుడ్ 1784లో దాన్ని వివరించాడు. నేరుగా పడే వస్తువు చూస్తుండగానే నేల తాకుతుంది, ఆనాటి గడియారాలతో కొలవడం కష్టం. రెండు వైపులా దాదాపు సమాన బరువులు పెడితే పడడం నెమ్మదిస్తుంది, తీరిగ్గా కొలవొచ్చు. 6, 4 కిలోలతో చేసి చూడు. త్వరణం 2, టెన్షన్ 48. 40కీ 60కీ మధ్యలో ఉంది, ఉండాలి కూడా. ఇక్కడ ఎంసెట్‌లో ఇష్టంగా అడిగే మెలిక ఒకటుంది (పేరు ఎన్నిసార్లు మార్చినా మన ఊళ్లో అది ఎంసెట్టే). గిరకను పట్టుకున్న పైకొక్కెం మీద ఎంత బలం? 100 అని టిక్ పెడతారు. దారం రెండు వైపులా 48 చొప్పున లాగుతోంది, కాబట్టి 96. సింగరేణి గనుల్లో షాఫ్ట్ ఉన్న చోట ఒక కేజ్ (లిఫ్టు లాంటి ఇనుప బోను) పైకి వస్తుంటే ఇంకో కేజ్ కిందికి పోయే ఏర్పాటు ఉంటుంది. దాని వెనక ఉన్న లెక్కా ఇదే. ఖాళీ కేజ్‌ల బరువులు ఒకదాన్నొకటి మోసుకుంటాయి, మోటారు తేడాను మాత్రం చూసుకుంటే చాలు.

నువ్వు అడగలేదు కానీ ఒకటి చెప్పాలి. తాడు లాగుతుంది, నెట్టలేదు. పిన్ను రెండూ చేస్తుంది. ట్రాక్టర్ బ్రేకు వేసినప్పుడు ట్రాలీలకు బ్రేకులు లేకపోతే వాటిని ఆపాల్సింది కూడా పిన్నే, ఈసారి అది ట్రాలీని వెనక్కి నెడుతుంది, ట్రాలీ ట్రాక్టర్‌ను ముందుకు నెడుతుంది. మన పాత అంకెలే వేద్దాం. ట్రాక్టర్ బరువు 20,000 న్యూటన్లు, రోడ్డు పట్టు అందులో పదింట ఏడు వంతులు అనుకుంటే ఆపే బలం 14,000కు మించదు. ఆపాల్సింది 10,000 కిలోలు. త్వరణం వెనక్కి 1.4. ట్రాక్టర్ ఒక్కటే ఉంటే 7 వచ్చేది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఒంటరి ట్రాక్టర్ రెండు మీటర్ల పైచిలుకులో ఆగితే, ఇది ఆగడానికి 11 మీటర్లు. ఆ సేపంతా మొదటి పిన్ను ట్రాక్టర్‌ను 11,200 న్యూటన్లతో వెనక నుంచి తోస్తూనే ఉంటుంది. తోపు తిన్నగా లేకుండా కొంచెం పక్కకు ఉంటే ట్రాక్టర్ అడ్డం తిరుగుతుంది. ట్రాక్టర్‌కు సాధారణంగా వెనక చక్రాలకే బ్రేకులు కాబట్టి అసలు పరిస్థితి ఇంకా ఘోరం. రెండు చక్రాల ట్రాలీ అయితే కొంత బరువు ట్రాక్టర్ మీదకు దిగి పట్టు కాస్త పెరుగుతుంది, లెక్క తీరు మాత్రం ఇదే.

ఇక్కడి కోచింగుల్లో ఈ లెక్కలకు ఫార్ములాలు బట్టీ పట్టిస్తారని తెలుసు. రెండు దిమ్మెలకు ఒకటి, మూడింటికి ఒకటి, వాలుతలానికి ఇంకోటి. నా సలహా, ఒక్కటీ గుర్తుపెట్టుకోకు. ప్రశ్నలో దిమ్మెను నెట్టేది ఎడమ వైపు నుంచా కుడి వైపు నుంచా అన్నది మార్చేస్తే బట్టీ కొట్టినవాడు అక్కడే ఆగిపోతాడు. ఆనుకుని ఉన్న 2, 3 కిలోల దిమ్మెల్ని 10 న్యూటన్లతో 2 కిలోల వైపు నుంచి నెడితే వాటి మధ్య బలం 6, 3 కిలోల వైపు నుంచి నెడితే 4. రెండుసార్లూ త్వరణం 2. మారింది నెట్టుడుకు అవతల ఉన్న ద్రవ్యరాశి. బొమ్మ గీసి, ఒక్కో వస్తువునూ విడదీసి, దాన్ని ముట్టుకుంటున్నవి ఏవేవో బాణాలు వేసుకుంటే చాలు.

నీకో లెక్క. అదే 58 వ్యాగన్ల రేకు, చదును పట్టాలు, అదే 0.05 త్వరణం, నిరోధం లేదు. ముంబై దగ్గర కసారా ఘాట్‌లో వెనక నుంచి నెట్టడానికి బ్యాంకర్ ఇంజిన్లు పెడతారు, అలా వెనక కూడా ఒకటి పెట్టాం. ముందు ఇంజిన్ మొదటి వ్యాగన్‌ను 180 కిలోన్యూటన్లతో లాగుతోంది, మిగతాది వెనకది నెడుతోంది. ఏ రెండు వ్యాగన్ల మధ్య కప్లింగ్ మీద అసలు బలమే ఉండదు? 40కీ 41కీ మధ్య అని వస్తే సరి. వేరేది వస్తే నువ్వు గీసిన బొమ్మ ఫొటో తీసి ఇక్కడే పెట్టు, చూసి చెబుతాను.